వెన్నులో మత్తు సూది: భయం ఎంత, నిజం ఎంత?

“ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలి” అని డాక్టరమ్మ చెప్పగానే ఇంటిల్లిపాదికీ గుండె దడ మొదలవుతుంది. ఆ తరువాత చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: “మత్తు నడుముకే ఇస్తారా? మొత్తం మత్తు ఇవ్వకూడదా?” నడుముకు సూది వేయించుకుంటే జీవితాంతం నడుం నొప్పి తప్పదని పక్కింటివారు చెప్పి ఉంటారు. కాళ్లు చచ్చుబడతాయని ఒకరు, బిడ్డకు మత్తెక్కుతుందని మరొకరు అంటారు. కాన్పు రోజు దగ్గర పడ్డ తల్లికి ఈ మాటలు కడుపులోని బిడ్డ బరువుకన్నా ఎక్కువ బరువవుతాయి.

ఈ భయం ఏ కొద్దిమందికో సంబంధించినది కాదు. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. దేశం మొత్తం మీద చూస్తే ఆ సంఖ్య నూటికి 21 నుంచి 22 మాత్రమే. ఇన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది వేరే చర్చ. అయితే మన ఇళ్లలోని ఆడపిల్లల్లో సగం మందికి దగ్గర దగ్గరగా ఈ సూది అవసరం పడుతోంది కనుక దాని గురించి సరైన సంగతులు ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాలి.

ముందుగా ఒక్క మాట. వెన్నులో ఇచ్చే మత్తు చాలా సురక్షితమైనది. అయితే ఆ భద్రత మందు వల్లనే వచ్చేది కాదు. సూదికి ముందు మీరు దాచకుండా చెప్పే వివరాలు, సూది తరువాత మత్తు డాక్టరు వేసి ఉంచే కన్ను, ఇంటికి వెళ్లాక మీరు గమనించుకునే లక్షణాలు, ఈ మూడూ కలిస్తేనే అది పూర్తవుతుంది.

సూదులు రెండు రకాలు

నడుముకు ఇచ్చే సూదిని అందరూ ఒకటే అనుకుంటారు. నిజానికి రెండు పద్ధతులున్నాయి.

మొదటిది స్పైనల్. మన వెన్నుపాము చుట్టూ నీటివంటి ద్రవం ఉంటుంది. దాని చుట్టూ ఒక పొర, సంచిలాగా ఉంటుంది. వెంట్రుకంత కాకపోయినా చాలా సన్నని సూదితో ఆ పొరను దాటి, ద్రవంలోకి సుమారు 2 మిల్లీలీటర్ల మందు ఇస్తారు. అయిదు పది నిమిషాల్లో రొమ్ముల ఎత్తు నుంచి పాదాల వరకు మొద్దుబారుతుంది. ముందే అనుకున్న సిజేరియన్లలో ఎక్కువగా వాడేది ఇదే.

రెండవది ఎపిడ్యూరల్. ఇందులో సూది ఆ పొరను దాటదు. పొరకు వెలుపల ఉండే ఖాళీలో ఆగుతుంది. సూది ద్వారా సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని అక్కడ ఉంచి సూదిని తీసేస్తారు. అవసరాన్ని బట్టి ఆ గొట్టంలోంచి కొంచెం కొంచెంగా మందు ఇస్తారు. ఆపరేషన్‌కు మొత్తం 15 నుంచి 20 మిల్లీలీటర్ల మందు పట్టవచ్చు. పూర్తిగా పనిచేయడానికి పావుగంటకు పైగా పడుతుంది.

మరి ఎపిడ్యూరల్ ఎవరికి? నొప్పులు పడుతున్నప్పుడే ఉపశమనం కోసం గొట్టం పెట్టించుకున్న తల్లికి చివరకు ఆపరేషన్ అవసరమైతే, ఆ గొట్టంలోంచే ఎక్కువ మందు ఇచ్చి ఆపరేషన్ చేయవచ్చు. మళ్లీ సూది అక్కర్లేదు. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం సన్నబడిన తల్లులకు బి.పి. ఒక్కసారిగా పడిపోవడం ప్రమాదం. అటువంటివారికి మెల్లమెల్లగా మత్తు ఎక్కించే ఈ పద్ధతి మేలు చేస్తుంది. ఆపరేషన్ ఎక్కువసేపు పట్టవచ్చని అనుకున్నప్పుడు రెండు పద్ధతులనూ కలిపి కూడా ఇస్తారు.

సూది వెన్నుపాముకు తగలదా?

కాళ్లు పడిపోతాయన్న భయానికి మూలం ఈ ప్రశ్నే. జవాబు మన శరీర నిర్మాణంలోనే ఉంది. వెన్నుపాము వెన్నెముక చివరిదాకా సాగదు. పెద్దవారిలో అది సాధారణంగా మొదటి, రెండవ నడుము పూసల దగ్గరే ముగుస్తుంది. ఆ కింద నరాల పోగులు మాత్రమే గుర్రపు తోకలాగా ద్రవంలో వేలాడుతూ ఉంటాయి. సిజేరియన్‌కు స్పైనల్ సూది ఇచ్చేది అంతకన్నా కింద, మూడవ పూసకూ నాలుగవ పూసకూ మధ్యనో, ఇంకొంచెం కిందనో. రెండు వైపులా తుంటి ఎముకల పైఅంచులు ఎక్కడున్నాయో తడిమి చూసి డాక్టరు ఆ చోటును గుర్తిస్తారు. ద్రవంలో తేలే నరాల పోగులు సన్నని సూది తగిలితే పక్కకు జరిగే వీలుంది.

అందుకే నడుము బాగా వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, కదలకుండా కూర్చోమంటారు. అలా వంగితే పూసల మధ్య సందు తెరుచుకుంటుంది. సూది దిగేటప్పుడు కాలిలోకి కరెంటు షాకు కొట్టినట్టు అనిపిస్తే ఉలిక్కిపడి కదలవద్దు. “కుడికాలిలో జివ్వుమంది” అని నోటితో చెప్పండి. డాక్టరు వెంటనే ఆపి సూదిని సరిచేస్తారు. నొప్పి వచ్చే సమయమైతే “నొప్పి వస్తోంది, ఆగండి” అని చెప్పవచ్చు. నొప్పి తగ్గేదాకా వారు ఆగుతారు.

ఈ భయం ఎక్కడ పుట్టింది?

కాళ్లు పడిపోతాయన్న మాట ఊరికే పుట్టలేదు. 1947 అక్టోబరులో ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్ పట్టణంలో ఒకేరోజు స్పైనల్ మత్తుతో చిన్న ఆపరేషన్లు చేయించుకున్న ఆల్బర్ట్ వూలీ, సెసిల్ రో అనే ఇద్దరు మగవారికి నడుము కింద భాగం శాశ్వతంగా చచ్చుబడింది. వారు కోర్టుకు వెళ్లారు. మందు సీసాలను ఉంచిన క్రిమిసంహారక ద్రవం కంటికి కనబడని పగుళ్ల గుండా లోపలికి చేరిందని అప్పట్లో నమ్మారు. సూదులు మరిగించిన పాత్రలో మిగిలిపోయిన ఆమ్లం వల్ల జరిగి ఉండవచ్చని తరువాతి కాలంలో నిపుణులు వాదించారు. ఏదైనా తప్పు మందుది కాదు, సూది పడిన చోటుదీ కాదు, పరిశుభ్రం చేసిన తీరుది. ఆ కేసు తరువాత చాలా ఏళ్లపాటు బ్రిటన్‌లో డాక్టర్లే స్పైనల్ అంటే వెనకాడారు.

నేడు ఆ పద్ధతులు లేవు. ఒకరికి వాడిన సూదిని పారేస్తారు. డాక్టరు టోపీ, ముఖానికి మాస్కు, చేతులకు శుభ్రమైన గ్లవ్స్ ధరించి, వీపును మందుతో తుడిచి, అది ఆరాకే సూది ఇస్తారు.

మరి ఇప్పుడు ప్రమాదం ఎంత? బ్రిటన్‌లో దేశంలోని ప్రభుత్వ ఆసుపత్రులన్నిటినీ కలుపుకొని ఒక సంవత్సరంపాటు పెద్ద పరిశీలన జరిగింది. 2009లో దాని ఫలితాలు వెలువడ్డాయి. ఆ ఏడాది ఇచ్చిన వెన్ను మత్తులు 7 లక్షలకు పైనే. శాశ్వత హాని జరిగినవారు లక్షకు 2 నుంచి 4 మంది. కాళ్లు చచ్చుబడటం, మరణం రెండూ కలిపినా లక్షకు 2 కన్నా తక్కువ. అందులోనూ ఎక్కువమంది పెద్ద ఆపరేషన్లు జరిగిన వయసుమళ్లినవారు. కాన్పు కోసం వచ్చిన తల్లులలో ఈ ప్రమాదం ఇంకా తక్కువగా కనిపించింది.

కాన్పు తరువాత కొందరికి పాదంలోనో తొడమీదనో కొన్నాళ్లు తిమ్మిరి ఉంటుంది. సూదినే తప్పుపడతాం. కాని బిడ్డ తల కటి ఎముకల మధ్య నరాలను చాలాసేపు నొక్కడం వల్ల, కాళ్లు మడిచి ఎక్కువసేపు ఉంచడం వల్ల కూడా ఇలా జరుగుతుంది. సూది వల్ల వచ్చేదానికన్నా ఇలా వచ్చేదే ఎక్కువ. చాలావరకు వారాల్లో, నెలల్లో అదే తగ్గుతుంది. అయినా డాక్టరుకు చూపించాలి.

మొత్తం మత్తు ఎందుకు వద్దంటారు?

“నాకేమీ తెలియకుండా నిద్రపుచ్చండి” అని అడిగే తల్లులు చాలామంది. అడగడంలో తప్పు లేదు. అయితే గర్భిణికి పూర్తి మత్తు ఇవ్వడంలో కొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి.

ఒకటి, కడుపులో ఉన్న ఆహారం. గర్భంతో ఉన్నప్పుడు పెరిగిన గర్భసంచి జీర్ణాశయాన్ని పైకి నెడుతుంది. నొప్పులు మొదలయ్యాక తిన్నది త్వరగా కిందికి దిగదు. స్పృహలేని స్థితిలో అది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. 1946లో న్యూయార్క్‌కు చెందిన కాన్పుల డాక్టరు కర్టిస్ మెండెల్సన్ ఈ ప్రమాదాన్ని వివరంగా రాశాడు. ఆయన పరిశీలించిన 44 వేలకు పైగా కాన్పుల్లో 66 మందికి ఇలా జరిగింది. ఆపరేషన్‌కు ముందు ఏమీ తినవద్దని ఇప్పటికీ మనకు చెప్పేది అందుకే.

రెండు, శ్వాస గొట్టం అమర్చడంలో కష్టం. గర్భిణులకు, ముఖ్యంగా బి.పి. ఎక్కువైనవారికి, గొంతు లోపలి భాగం కొద్దిగా వాచి ఉంటుంది. పైగా వారి రక్తంలో ఆక్సిజన్ మామూలు మనుషులకన్నా త్వరగా పడిపోతుంది. గొట్టం వేయడానికి దొరికే సమయం తక్కువ.

మూడు, బిడ్డ. పూర్తి మత్తు మందులు మాయ ద్వారా కొంతమేరకు బిడ్డకు చేరతాయి. పుట్టగానే కొద్దిసేపు మందకొడిగా ఉండవచ్చు. పుట్టిన బిడ్డ ఏడుపు, రంగు, గుండె వేగం, కదలిక చూసి మార్కులు వేసే అప్గార్ పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. 1950ల్లో ఆ పద్ధతిని తయారుచేసిన అమెరికా డాక్టరు వర్జీనియా అప్గార్ పిల్లల డాక్టరు కాదు, మత్తు డాక్టరే. తల్లికి ఇచ్చిన మత్తు బిడ్డమీద ఎలా పనిచేస్తుందో చూడాలన్న ఆలోచన కూడా దాని వెనుక ఉంది. వెన్నులో, ముఖ్యంగా స్పైనల్‌లో ఇచ్చే మందు చాలా తక్కువ కాబట్టి బిడ్డకు చేరేది లెక్కలోకి రానంత.

అమెరికాలో కాన్పుల్లో మత్తువల్ల జరిగిన మరణాలను లెక్కించిన పరిశీలనలో, 1985–90 మధ్య సిజేరియన్లలో పూర్తి మత్తుతో మరణాలు పది లక్షలకు 32, వెన్ను మత్తుతో పది లక్షలకు 2 అని తేలింది. తరువాత పూర్తి మత్తు కూడా ఎంతో సురక్షితమైంది. 1997–2002 నాటికి ఆ సంఖ్యలు పది లక్షలకు 6 లేదా 7, సుమారు 4గా మారాయి. తల్లి పరిస్థితి విషమంగా ఉన్నప్పుడే పూర్తి మత్తు ఎక్కువగా ఇస్తారు కనుక ఈ పోలికను అలా గుర్తుపెట్టుకునే చదవాలి. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే హడలిపోనక్కర్లేదు. బిడ్డ బొడ్డుతాడు జారి నిమిషాలమీద ప్రాణం మీదికి వచ్చినప్పుడు, తల్లికి రక్తం విపరీతంగా పోతున్నప్పుడు, రక్తం గడ్డకట్టే గుణం తగ్గినప్పుడు అదే ప్రాణం నిలబెడుతుంది.

నడుం నొప్పి ఈ సూది వల్లనేనా?

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. సూది గుచ్చిన చోట రెండు మూడు రోజులు నొప్పిగా ఉండటం సహజం. చేతికి వేసిన ఇంజెక్షన్ నొప్పి లాంటిదే. కాని ఏళ్లతరబడి ఉండే నడుం నొప్పికీ ఈ సూదికీ సంబంధం ఉందని పరిశోధనల్లో తేలలేదు. నొప్పులకు ఎపిడ్యూరల్ తీసుకున్న తల్లులనూ, వేరే పద్ధతిలో ఉపశమనం పొందిన తల్లులనూ రెండేళ్లకు పైగా గమనించిన ఒక ఇంగ్లండు పరిశీలన 2002లో వెలువడింది. రెండు గుంపుల్లోనూ నడుం నొప్పి ఒకేలా ఉంది.

మరి నొప్పి ఎందుకు వస్తుంది? గర్భంతో ఉన్నప్పుడే సుమారు సగం మంది నడుం నొప్పితో బాధపడతారు. కీళ్లను పట్టి ఉంచే బంధనాలు వదులవుతాయి. పొట్ట కండరాలు సాగిపోతాయి. కాన్పయ్యాక వంగి పాలివ్వడం, బిడ్డను ఒకే వైపు ఎత్తుకోవడం, నిద్రలేమి, బరువులు మోయడం తోడవుతాయి. సూదిమీద నేరం మోపి ఊరుకుంటే అసలు కారణానికి మందు దొరకదు. వీపుకు దన్ను పెట్టుకుని పాలివ్వండి. డాక్టరు సరేనన్నాక నడుము, పొట్ట కండరాలకు వ్యాయామం మొదలుపెట్టండి.

తలనొప్పి సంగతి

ఇది నిజంగా సూది వల్లనే వచ్చే ఇబ్బంది. దాచవలసిన పని లేదు. పొరకు పడిన రంధ్రంలోంచి ద్రవం కారడం వల్ల ఈ తలనొప్పి వస్తుంది. 1898లో జర్మనీకి చెందిన డాక్టరు ఆగస్ట్ బీర్ మొదటిసారి స్పైనల్ మత్తుతో ఆపరేషన్ చేశాడు. తన మీద కూడా ప్రయోగం చేయించుకుని, తలనొప్పితో కొన్ని రోజులు మంచం పట్టాడు. అప్పటి సూదులు లావు. ఇప్పుడు వాడేవి చాలా సన్నం. పెన్సిల్ ముల్లులా ఉండే మొన పొరను కోయకుండా పక్కకు జరుపుతుంది. ఇలాంటి సూదులతో ఈ తలనొప్పి వచ్చేవారు నూటికి ఒకరు, అటూ ఇటూగా. ఎపిడ్యూరల్‌లో సూది లావుగా ఉంటుంది. అది పొరలోకి దిగకూడదు. పొరపాటున దిగితే, అదీ నూటికి ఒకరికి జరగవచ్చు, అలాంటివారిలో సగానికి పైగా తలనొప్పి వస్తుంది.

దీని గుర్తు తెలుసుకోండి. లేచి కూర్చుంటే, నిలబడితే తల పగిలిపోతుంది. పడుకుంటే తగ్గుతుంది. మెడ పట్టేస్తుంది. సాధారణంగా మొదటి అయిదు రోజుల్లో మొదలవుతుంది. నీళ్లు బాగా తాగడం, నొప్పి మాత్రలు, కాఫీ వంటివాటితో కొందరికి తేలికపడుతుంది. తగ్గకపోతే తల్లి చేతినుంచే కొద్దిగా రక్తం తీసి, సూది వేసిన చోట పొర వెలుపల ఎక్కిస్తారు. ఆ రక్తం గడ్డకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది. 1960 నుంచి వాడుకలో ఉన్న చికిత్స ఇది. తలనొప్పే కదా అని వారాలతరబడి ఓర్చుకోవద్దు. అరుదుగా అది మెదడు చుట్టూ రక్తం చేరడానికి దారితీస్తుంది.

“24 గంటలు తల ఎత్తకూడదు, దిండు పెట్టకూడదు” అని మన ఇళ్లలో గట్టిగా చెబుతారు. కదలకుండా పడుకోబెట్టినంత మాత్రాన ఈ తలనొప్పి రాకుండా ఆగదని పరిశోధనలు చెబుతున్నాయి. దిండు పెట్టుకోవచ్చు. బిడ్డకు పాలివ్వవచ్చు. కాళ్లలో బలం వచ్చాక నర్సు సహాయంతో లేచి నడవాలి. కాన్పు తరువాత కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఆ నడక అవసరం.

ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుంది?

మత్తు ఎక్కగానే కాళ్లు వెచ్చబడి బరువెక్కుతాయి. రక్తనాళాలు వదులవడం వల్ల బి.పి. తగ్గడం మామూలు. వికారం, కళ్లు తిరగడం, చెమటలు పడితే వెంటనే చెప్పండి. దానికి ఇంజెక్షన్ సిద్ధంగా ఉంటుంది. గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాలమీద పడకుండా మిమ్మల్ని కొద్దిగా ఎడమవైపుకు వంచి పడుకోబెడతారు. వణుకు రావచ్చు, అది ప్రమాదం కాదు. కొన్ని నొప్పి మందులవల్ల ముఖం, ఒళ్లు దురద పుడుతుంది. ఛాతీ మొద్దుబారితే ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. మాట్లాడగలుగుతూ, చేతి వేళ్లు గట్టిగా పట్టుకోగలుగుతూ ఉంటే సాధారణంగా భయం లేదు. చేతుల్లో బలం తగ్గుతున్నా, మాట రాకపోతున్నా అది వేరు. మందు పైకి ఎక్కువగా ఎక్కిందన్న గుర్తు. డాక్టరు వెంటనే శ్వాసకు సహాయం చేస్తారు.

కోత పెట్టేముందు చల్లని దూదితోనో మంచుతోనో తాకి ఎంతవరకు మొద్దుబారిందో చూస్తారు. ఉన్నదున్నట్టు చెప్పండి. ఆపరేషన్‌లో లాగినట్టు, నొక్కినట్టు తెలుస్తుంది. బిడ్డను తీసేటప్పుడు పొట్టమీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. అది సహజం. కాని కోసినట్టు, మండినట్టు నొప్పి తెలియడం సహజం కాదు. కొద్దిమందికి మత్తు సగం సగంగా పనిచేస్తుంది. అప్పుడు అదనపు మందు ఇస్తారు, లేదా పూర్తి మత్తు ఇస్తారు. పళ్లు బిగబట్టి ఓర్చుకోవడం గొప్పతనం కాదు. “నొప్పి తెలుస్తోంది” అని చెప్పడం మీ హక్కు.

తల దగ్గర నిలబడే మనిషి

ఆపరేషన్ గదిలో కోత పెట్టే డాక్టరునే మనం గుర్తుపెట్టుకుంటాం. తల దగ్గర నిలబడి మీ నాడి, బి.పి., ఆక్సిజన్ చూస్తూ ఉండే మత్తు డాక్టరును మరచిపోతాం. మత్తు ఇచ్చాక దేన్ని కనిపెట్టుకుని ఉండాలి అన్న ప్రశ్నకు మన హైదరాబాదుతో సంబంధం ఉంది. అప్పట్లో ప్రపంచమంతా వాడిన క్లోరోఫాం సురక్షితమా కాదా తేల్చడానికి 1888, 1889లలో నిజాం ఖర్చుతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాదులో రెండు కమిషన్లు పనిచేశాయి. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లో ఇక్కడ చదువుకుని, ఇక్కడే పనిచేశారు. శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలునని ఆ కమిషన్ తేల్చింది. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదని తరువాత రుజువైంది. శ్వాస, గుండె రెండింటినీ చూడాలన్న పాఠం అలా ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నదే.

వెన్ను మత్తు మందుల విషయంలోనూ అంతే. ఎపిడ్యూరల్‌కు వాడే బుపివకెయిన్ మందును మరీ గాఢంగా వాడినప్పుడు, పొరపాటున అది రక్తనాళంలోకి పోతే గుండె ఆగుతోందని 1979లో అమెరికా డాక్టరు ఆల్‌బ్రైట్ హెచ్చరించాడు. తరువాత కొన్నేళ్లకే కాన్పుల్లో ఆ గాఢత గల మందును వాడటం మానేశారు. అందుకే నేడు ఎపిడ్యూరల్ మందును కొద్దికొద్దిగా, గొట్టంలో రక్తం వస్తోందేమో చూస్తూ ఇస్తారు. నోటిచుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోటిలో ఇనుము రుచి అనిపిస్తే చెప్పమంటారు. చెప్పండి.

మత్తు డాక్టరుకు దాచకుండా చెప్పవలసినవి

• రక్తం పలచబడే మందులు. పదేపదే గర్భస్రావాలు అయినవారికి, గుండె జబ్బు ఉన్నవారికి పొట్టమీద హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. చివరి ఇంజెక్షన్ ఏ రోజు, ఎన్ని గంటలకు వేసుకున్నారో కాగితంమీద రాసి ఉంచండి. మోతాదును బట్టి 12 నుంచి 24 గంటలు ఆగవలసి రావచ్చు. లేకపోతే వెన్నులో రక్తం చేరి నరాలను నొక్కే ప్రమాదం ఉంది. చిన్న మోతాదు ఆస్పిరిన్ ఒక్కటే అయితే సాధారణంగా అడ్డు కాదు. అయినా చెప్పాలి.

• ప్లేట్‌లెట్లు తగ్గాయని ఎప్పుడైనా అన్నారా, డెంగ్యూ వచ్చిందా, చిగుళ్లనుంచి రక్తం వస్తుందా? ప్లేట్‌లెట్లు 70 వేలకు పైన ఉండి వేరే ఇబ్బంది లేకపోతే చాలామందికి సూది ఇవ్వవచ్చు.

• గుండె జబ్బు, ఆయాసం, ఫిట్స్, బి.పి., షుగరు, ఉబ్బసం.

• వెన్నెముకకు ఆపరేషన్, గూని, నడుముపైన కురుపులు, ప్రస్తుతం జ్వరం.

• గతంలో మత్తు ఇచ్చినప్పుడు మీకుగాని, రక్తసంబంధీకులకుగాని ఏదైనా తేడా చేసిందా? ఏ మందైనా పడదా?

• చివరిసారి ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు? ముందే నిర్ణయించిన ఆపరేషన్ అయితే తేలిక ఆహారం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. నూనె పదార్థాలు, మాంసం అయితే ఇంకా ఎక్కువ వ్యవధి కావాలి. నీరసపడుతుందని జాలిపడి అమ్మగారో అత్తగారో రెండు ఇడ్లీలు పెట్టి ఉంటే ఆ సంగతి చెప్పేయండి. ఎవరూ కోప్పడరు. దాస్తేనే ప్రమాదం.

అంగీకార పత్రం మీద ఇంటివారు సంతకం చేసినా, తల్లికి విషయం తెలియాలి. తన ఒంటికి ఏ సూది ఇస్తున్నారో, ఎందుకో అడగడం ఆమె హక్కు. నొప్పులు తీవ్రంగా ఉన్నప్పుడు వినే ఓపిక ఉండదు. అందుకే ఎనిమిదో నెల, తొమ్మిదో నెల చూపించుకోవడానికి వచ్చినప్పుడే ఈ ప్రశ్నలు అడగండి.

ఇంటికి వెళ్లాక ఇవి కనిపిస్తే ఆగవద్దు

సూది ఇచ్చిన 4 గంటల తరువాత కాలు మంచంమీదనుంచి ఎత్తలేకపోతే నర్సుకు చెప్పండి. ఒకసారి బలం వచ్చి మళ్లీ తగ్గినా చెప్పండి. ఇంటికి వెళ్లాక ఈ లక్షణాల్లో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి రండి:

• కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి.

• పడుకున్నా తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి. ఇది సూది వల్ల కాకపోవచ్చు. కాన్పు తరువాత కూడా బి.పి. పెరిగి ఫిట్స్ రావచ్చు. బి.పి. వెంటనే చూపించాలి.

• జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, వెలుగు చూడలేకపోవడం.

• సూది వేసిన చోట వాపు, చీము, రోజురోజుకు పెరిగే నడుం నొప్పి.

• కాళ్లలో కొత్తగా బలహీనత, మొలచుట్టూ స్పర్శ తెలియకపోవడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం.

చివరి లక్షణం చాలా అరుదు. కాని వచ్చినప్పుడు గంటలే లెక్క. వెన్నులో చేరిన రక్తాన్ని త్వరగా తీసేస్తే కాళ్లు తిరిగి వస్తాయి. ఆలస్యమైతే రాకపోవచ్చు. “సూది పడలేదు, నాలుగు రోజులు చూద్దాం” అని ఇంట్లో కూర్చోవడం వల్ల జరిగే నష్టం సూది వల్ల జరిగేదానికన్నా పెద్దది.

ఇంకో మంచి మాట. వెన్ను మత్తులో తల్లి మెలకువగా ఉంటుంది. బిడ్డ మొదటి ఏడుపు వింటుంది, ముఖం చూస్తుంది. ఇద్దరూ బాగుంటే మొదటి గంటలోనే రొమ్ము అందించవచ్చు. మత్తు మందు పాలలోకి వస్తుందని ముర్రుపాలు పారబోయవద్దు. పాలలోకి చేరే మందు అతి స్వల్పం. బిడ్డకు దానివల్ల హాని లేదు.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పేజీని ఆమెకు ఇవ్వండి. చదవలేనివారికి చదివి వినిపించండి. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు వాడుతున్న మందుల చీటీలు, పాత రిపోర్టులు, మీ సందేహాలు, మూడూ వెంట తెచ్చుకోండి.